మంచుకు వదిలిన గోడ

పక్క దుకాణం షట్టరుకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన నా ఫ్లెక్సీ షాపులోకి వచ్చింది. జగిత్యాలలో పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చొని పుట్టినరోజు ఫ్లెక్సీల్లో మొహాలు ఇరికించీ ఇరికించీ నాకు ప్రాణం విసిగిపోయింది. ఆ వాసనకు మాత్రం కోరుట్ల రాజేశం సారు గుర్తొచ్చాడు. సైన్‌బోర్డులు రాసే పెయింటర్. నాకు బ్రష్ పట్టడం నేర్పింది ఆయనే.

ఆయనకు పేరు తెచ్చింది ఒక పొరపాటు. దుబాయి నుంచి వచ్చి మెట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న ఒకాయన హాలు గోడ మీద ‘మంచు కొండ’ గీయమన్నాడు. ఆయన మనసులో ఉన్నది క్యాలెండర్‌లోని జపాన్ కొండ. సారుకు తెలిసిన మంచు వేరు. కల్లు గీసే తండ్రి వెంట చలికాలం తెల్లవారుజామున తాటివనంలో చూసిన మంచు అది. కింద నాలుగు తాటితలలు, పైన బూడిదరంగు కొండకొస గీసి, నడుమ గోడంతా తెల్లగా వదిలేశాడు.

“ఏందిది పెయింటర్ సాబ్, సగం పనే చేసినవ్? కొండేది?”

“మంచుల ఉన్నది.”

“మంచంటే ఐసు! జపాన్ల ఉంటది సూడు, గట్లాంటిది.”

సారు పకపకా నవ్వాడు. “నేను ఐసు కొండ ఏడ జూసిన? నాకెరుకైన మంచు గిదే.”

“అయితే గా ఖాళీల రెండు నెమళ్లన్న ఎయ్యి.”

“ఎయ్యొచ్చు. నెమళ్లొస్తె మంచు పోతది గదా,” అని బ్రష్‌లు కడుక్కొని వచ్చేశాడు. ఇంటాయన కొన్నాళ్లు సణిగాడు. ఎవరో చుట్టం వచ్చి, “అచ్చం జపానోళ్ల బొమ్మ లెక్కనే ఉన్నది” అన్నాక ఊరందరినీ పిలిచి చూపించాడు. ఏనాడూ విమానం ఎక్కని మనిషి అలా ‘జపాన్ సారు’ అయిపోయాడు.

నేను బోర్డు అంచులదాకా పూలు, తీగలు కుక్కితే విసుక్కునేవాడు కాదు. “సూసెటోళ్ల కంటికి గింత జాగ ఇడువు బిడ్డా,” అనేవాడు. తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆ బోర్డుల పనే పోయింది. నేను కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు కూడా ఏమీ అనుకోలేదు. “అన్నం పెట్టెదేదైతేంది,” అన్నాడు.

మొన్న చలికాలం సారు పోయాడు. సిరిసిల్లలో ఉండే ఆయన అల్లుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం నా దగ్గరికే వచ్చాడు. కింద సారు ఫొటో పెట్టాను.

“పైన గంత ఖాళీ ఎందుకక్కా? మావోళ్ల ఫొటోలు, లీడర్ ఫొటో పెట్టు.”

రోజూ ఎవరు ఏది పెట్టమంటే అది పెట్టేదాన్నే. ఆ రోజు మౌస్ వదిలేశాను. ఏడుపొచ్చింది.

“అది ఖాళీ కాదు తమ్మీ. మీ మామ మంచు.”

అతను తెర దగ్గరికి వంగి చూశాడు. “ఉండనియ్యి అక్కా,” అన్నాడు. మెల్లగా కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఎదురుగా ఇంకో పుట్టినరోజు. “మేడం, గా మూల ఖాళీ ఉంది,” అంటున్నాడు వచ్చినాయన. నింపుతాను, బతుకుదెరువు. అయినా ఎవరి కంటా పడని చోట వేలెడు తెలుపు వదులుతాను. అంతవరకే నా చేతనైంది.