సలోమక్క ఉతికిన స్పాంజి

2022 డిసెంబరు. నాంపల్లిలో నా అక్వేరియం దుకాణం ముందు ఆటో ఆగింది. అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో ఉండే సలోమక్క దిగకుండానే నన్ను పిలిచింది. ట్యాంకులో చేపలు చచ్చిపోయాయట. మిగిలిన ఒక్క ఆస్కార్ చేపా పక్కకు ఒరిగిపోయిందట.

పక్షవాతం వచ్చాక వాళ్లాయన రాజరత్నంగారు మాట మానేశారు. మంచం పక్కనున్న ఆ ఆస్కార్‌కు మేత వేస్తే గానీ తాను ముద్ద ముట్టరు. నిన్నటి నుంచి కంచం తోసేస్తున్నారని చెబుతూ అక్క ఏడ్చేసింది.

ఏం చేశావక్కా అంటే, క్రిస్మస్‌కు ఇల్లు కడిగినట్టే ట్యాంకూ కడిగానంది. కర్టెన్లతోపాటు ఫిల్టర్ స్పాంజినీ సర్ఫులో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసిందట! ట్యాంకు నిండా తాజా నల్లా నీళ్లు పట్టిందట. నాకు ఒళ్లు మండింది. చేపల మలినంలోంచి పుట్టే అమోనియా విషం. దాన్ని విరిచేసే మంచి బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే బతుకుతుంది. సబ్బు దాన్ని చంపేసింది. నల్లా నీళ్లలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చింది.

తిట్టడానికి టైం లేదు. దుకాణంలో నడుస్తున్న ట్యాంకులోంచి స్పాంజి పీకి, తడి ఆరకుండా కవర్లో వేసుకుని అదే ఆటో ఎక్కాను. వాళ్లింట్లో క్లోరిన్ విరుగుడు చుక్కలు కలిపిన నీళ్లతో సగం ట్యాంకు మార్చి, కవర్లోంచి నా స్పాంజి బయటికి తీశాను. నల్లగా, జిగటగా ఉంది. సలోమక్క అడ్డం వచ్చింది.

"గంత మురికి నా ఇంట్ల పెడ్తవా తమ్మీ? పండుగకు చుట్టాలొస్తున్నరు."

"చుట్టాల సంగతి తర్వాత. జర బావ దిక్కు చూడక్కా."

రాజరత్నంగారు బాగున్న చెయ్యి ఎత్తి, లోపల పెట్టమని సైగ చేస్తున్నారు. అక్క పక్కకు తప్పుకుంది.

రోజూ వెళ్లి నీళ్లు మార్చాను. చేప నిలబడింది గానీ మేత ముట్టలేదు. క్రిస్మస్ ముందు రోజు అక్క నంబరు నుంచి ఫోన్. ఎత్తితే మగ గొంతు, ముద్దముద్దగా.

"తిన్నది తమ్మీ... నేను గూడ... తిన్న."

దుకాణం నిండా గిరాకీ ఉందని కూడా చూడకుండా ఎగిరి గంతేశాను. గెలిచాం!

మెరిసే ట్యాంకును చూసి మెచ్చుకోవడం అప్పటినుంచి మానేశాను. ఎవరింటికి వెళ్లినా చేప తింటోందా అని అడుగుతాను. వెంటనే ఇంట్లోవాళ్లు తిన్నారా అని కూడా అడుగుతాను.