యాభై నాలుగో పేజీ

తిరువళ్ళూరు బజారువీధిలో జయరామయ్య శెట్టి గురించి ఎవరిని అడిగినా రెండు సంగతులు చెప్పేవాళ్ళు. ఆయన తూకంలో మోసం లేదు, ఆయన నోట్లో మాట లేదు. భార్య మీనాంబ గురించి అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు. కొట్టు ముందు, ఇల్లు వెనక, ఇంట్లో ఆమె, అంతే. ఊరివాళ్ళను అనడానికేముంది, తొమ్మిదేళ్ళుగా ఆమె ఒక లెక్క రాస్తోందని కట్టుకున్నవాడికే తెలియదు. అది తను చదివిన చదువు లెక్క.

మీనాంబ తిరుత్తణి పిల్ల. ఆ ఊరు ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజుల్లో తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక చదువుకుందామంటే ఇంట్లో పంచాంగం తప్ప మరో కాగితం లేదు. ఆడది పుస్తకం పట్టుకుంటే అన్నం మాడుతుందని అత్తగారికి గట్టి నమ్మకం. మాడిన అన్నం ఒక్కనాడూ తినకుండానే ఆ నమ్మకంతో ఆవిడ కాలం చేసింది. పిల్లలిద్దరూ తమిళ బడికి పోయారు, వాళ్ళకు తెలుగు నోటిమాట వరకే. చివరికి మీనాంబకు దిక్కయింది పొట్లాల కాగితం. మద్రాసు దారిలో ఉన్న పట్టాభిరామ్ నుంచి షణ్ముగం అనే పాతకాగితాల వ్యాపారి పదిహేను రోజులకొకసారి సైకిలు మీద కట్టలు తెచ్చేవాడు. తమిళ పేపర్ల మధ్య, అక్కడి రైల్వే క్వార్టర్సులో తెలుగువాళ్ళు చదివి పారేసిన వారపత్రికలు నాలుగో అయిదో ఉండేవి. మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టు మూసి జయరామయ్య భోంచేసి కునుకు తీసేవాడు. నాలుగింటికి మళ్ళీ తెరిచేదాకా ఆమె పొట్లాల కట్ట ముందు చతికిలబడి చదివేది.

చిక్కంతా జయరామయ్య భక్తితో వచ్చింది. పత్రిక అట్ట మీద ఏ దేవుడి బొమ్మో ఉండేది. దేవుణ్ణి చించి ఎండుమిరపకాయలు కట్టే పాపం తనకెందుకని ఆయన పత్రికను బోర్లా పెట్టి, వెనక నుంచి ఒక్కో కాగితం లాగేవాడు. మన వారపత్రికల సంగతి తెలిసిందే కదా. కథ ముందు పేజీల్లో మొదలవుతుంది, మంచి పట్టు మీద ఉండగా 'మిగతా ఫలానా పేజీలో' అంటూ వెనక్కి పోతుంది. పొద్దుటి బేరం కాస్త జోరుగా సాగిందంటే ఆ వెనక పేజీలు మధ్యాహ్నానికి ఊళ్ళో తలో వంటింటికీ చేరిపోయేవి. మీనాంబకు మిగిలేవి దేవుడూ, కథల మొదళ్ళూ.

1972లో ఉగాదినాడు పెద్దపిల్ల రాసి వదిలేసిన నోటుబుక్కు ఒకటి తీసుకుని ఆమె లెక్క మొదలుపెట్టింది. ఎడమవైపు 'అయినవి', కుడివైపు 'ఆగినవి'. ఆగిన కథకు ఎదురుగా ఎక్కడ ఆగిందో, ఏ పేజీ కావాలో రాసేది. చదవని రోజుకు కారణం కూడా రాసేది. 'కందిపప్పు ఎండబోసినాను, లేదు.' 'పిల్లకు జ్వరం, లేదు.' 'తీరిక ఉంది, మనసు లేదు.' ప్రతి ఉగాదికీ ఆ ఏడాది గురి ఒకటి పెట్టుకునేది. మొదటి ఏడు యాభై కథలు పూర్తిగా చదవాలని రాసుకుంది, తొమ్మిది అయ్యాయి. మరుసటి ఏడు ముప్ఫై అని తగ్గించుకుంది, పదకొండు అయ్యాయి. సర్కారువారి పంచవర్ష ప్రణాళికలాగా గురి దిగుతూ వచ్చిందేగాని పని దాన్ని అందుకోలేదు. 1981 నాటికి ఆగినవి నాలుగు వందల పన్నెండు. ఆ నోటుబుక్కును సరుకుల గదిలో, బియ్యం మూటల వెనక ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది.

ఆ తెలుగు పత్రికలు నాకు ఉంచండి అని ఒక్క మాట అంటే పోయేది కదా అని మనకు అనిపిస్తుంది. నాకూ అనిపించి ఆమె మీద విసుగొచ్చింది. కాని ఇరవై మూడేళ్ళ కాపురంలో ఇది నీకు కావాలా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఎవరూ అడగని ఇంట్లో అడగడం కూడా అలవాటు తప్పిపోతుంది.

ఆ 1981లోనే, తమిళుల లెక్కన ఆవణి నెలలో ఒక మధ్యాహ్నం ఆమె చేతికి ఒక కథ వచ్చింది. ఒక భార్య, పెద్ద గొడవేమీ లేకుండానే, ఒక పొద్దున సంచి సర్దుకుని బస్సెక్కుతుంది. కిటికీలోంచి చూస్తే మొగుడు బస్టాండులో నిలబడి ఉంటాడు. రమ్మనడు, పొమ్మనడు. డ్రైవరు ఇంజను వేస్తాడు. ఆమె సంచి ఒళ్ళోకి తీసుకుని లేవబోతుంది. 'మిగతా 54వ పేజీలో.' మీనాంబ గబగబా తిప్పింది. పత్రిక నలభై ఎనిమిదితో ఆఖరయింది.

ఆమె ఆ కథను మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఎందుకంటే ఆ సంచి ఆమె కూడా సర్దింది. 1963లో తిరుత్తణిలో చెల్లెలి పెళ్ళి కుదిరింది. పండగ బేరం రోజులు, కోడలు వచ్చేందుకు వీలుపడదని అత్తమామలు ఆమెను అడక్కుండానే జాబు రాయించారు. రాసింది జయరామయ్యే, తల వంచుకుని. మర్నాడు పొద్దున ఆయన సరుకుకు పోయిన వేళ చూసి మీనాంబ సంచి పట్టుకుని తిరుత్తణి దారిలో అరక్కోణం దాకా పోయే రైలెక్కింది. అప్పటికి పిల్లల్లేరు. మళ్ళీ రాకూడదనే ఎక్కింది. దారిలో తిరువాలంగాడులో రైలు ఆగింది, ఆమె దిగిపోయింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలియదు. వచ్చే రైలుకు వెనక్కి వచ్చి పొయ్యి ముట్టించింది. గుడికి పోయొచ్చిందనుకుని ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. దిగి మంచి పని చేశానా, చెడ్డ పని చేశానా అని పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఎవరినీ అడగలేకపోయింది. ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని రచయిత దానికి జవాబు రాశాడు, ఆ జవాబులో ఏ ధనియాలో కట్టి ఎవరికో ఇచ్చేశారు.

మొదటిసారి ఆమె ఒక పేజీని వెతుక్కుంటూ గడప దాటింది. పొద్దున ఎవరెవరు వచ్చారో మొగుణ్ణి మాటల్లో పెట్టి తెలుసుకుంది. మిరపకాయలు తీసుకుపోయిన కుప్పమ్మ ఇంటికి పోయింది. ఇడ్లీలమ్మే తంగమ్మ దగ్గరకు పోయింది.

"పొట్లం కాగితమా? పొయ్యిలో ఏసేస్తినే శెట్టెమ్మా. ఏముండె అందులో?" అంది కుప్పమ్మ.

"ఏమీ లేదులే, ఊరికే" అని మీనాంబ వచ్చేసింది.

శెట్టి పెళ్ళాం ఊరికే పొట్లాలు వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతుందా? దీపాలు పెట్టేవేళకు శెట్టెమ్మ చెవి కమ్మ పొట్లంలో పడి పోయిందని బజారంతా పాకిపోయింది. మంచి మనుషులు, ఉన్న కాగితాలన్నీ దులిపి పట్టుకొచ్చారు. ఇంగువ వాసనవి, నూనె మరకలవి, చీమలు పట్టినవి. యాభై నాలుగు మాత్రం లేదు.

"కమ్మ పోయిందంట గదా, నిజమేనా?" అని జయరామయ్య అడిగాడు.

లేదు, కథ కోసం వెతుకుతున్నానని చెప్పడం కంటే బంగారం పోయిందని చెప్పడమే ఆమెకు తేలికనిపించింది. అవునంది. పోయి ఒక కమ్మ తీసి బిస్కెట్ల డబ్బాలో వేసేసి, ఆ చెవి మీదికి కొంగు లాక్కుంది.

జయరామయ్యకు ప్రాణం నిలవలేదు. మూడు రోజులు కొట్టంతా ఊడ్చాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఎలుక ఎత్తుకుపోయిందేమోనని కునుకు మానుకుని సరుకుల గదిలో మూటలు జరపడం మొదలుపెట్టాడు. మీనాంబ కాఫీ గ్లాసుతో గదిలోకి వచ్చేసరికి ఆయన బియ్యం మూట మీద కూర్చుని నోటుబుక్కు తిరగేస్తున్నాడు. కమ్మ ఆయన తొడ మీద ఉంది.

"దొరికింది" అన్నాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇక దాచడానికేముంది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పత్రికలు, పేజీలు, ఉగాది గురి, బస్సెక్కిన ఆడమనిషి కథ. తన రైలు సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ఆయన చాలాసేపు కుడివైపు వరసలే చూశాడు. "ఇన్ని ఆగిపోయినాయేంది?"

"మీరు ఎనక నుంచి చించుతారు."

"ముందర దేవుడుంటాడు గదా."

"ఉంటాడు."

ఈలోగా కొట్టు పక్క తలుపు ఎవరో తట్టారు. హైస్కూలు తమిళ మాస్టరు ఆరోగ్యస్వామి. ఒంటరి మనిషి, వండుకోవడం తక్కువ, హోటలు ఎక్కువ. కమ్మ సంగతి ఇప్పుడే విన్నానని, తను కొన్న జీలకర్ర ఇంకా విప్పనే లేదని తమిళంలో చెప్పి, పురికొస కట్టు కూడా చెదరని పొట్లం ఒకటి జయరామయ్య చేతిలో పెట్టాడు. కమ్మ దొరికిందని చెప్పి జయరామయ్య దణ్ణం పెట్టాడు. మాస్టరు చేతి మీద కొత్త జీలకర్ర పొట్లం పెట్టి, పాతది అట్టిపెట్టుకున్నాడు.

గదిలోకి వచ్చి పురికొస విప్పి జీలకర్ర పళ్ళెంలో పోశాడు. కాగితం తొడ మీద పరిచి చేత్తో సాపు చేశాడు. మూలన 54 అంకె చూసి ఆమెకు అందించాడు.

"బయటికి చదువు" అన్నాడు.

ఆమె కాగితాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది. తర్వాత చదివింది. ముప్పావు పేజీ కూడా లేదు. లేవబోయిన ఆడమనిషి సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుని మళ్ళీ కూర్చుంటుంది. కండక్టరు ఎక్కడికమ్మా అంటే ఊరి పేరు చెప్పి టికెట్టు తీసుకుంటుంది. బస్సు మలుపు తిరుగుతుంది. వెనక్కి చూసిందో లేదో కూడా రాయలేదు. మీనాంబకు జవాబు దొరికింది గాని మనసు కుదుటపడలేదు. ఎవరో పోతే తను ఉండిపోయింది తప్పవుతుందా? ఇంత చిన్న కాగితం కోసమా నాలుగు రోజులు కొట్టుకులాడాను అనిపించి ఏడుపొచ్చింది.

"పోయిందా?" అన్నాడు జయరామయ్య.

"పోయింది."

ఆయన పళ్ళెంలో జీలకర్రను వేలితో ఒక పక్కకు తోశాడు. "నువ్వు తిరువాలంగాడులో దిగినావు" అన్నాడు.

మీనాంబ కాగితం దించి ఆయన మొహంలోకి చూసింది.

"ఆ పొద్దు సరుకు దించుకునేదానికి స్టేషన్లోనే ఉంటి. నువ్వు సంచితో రైలెక్కింది చూసినాను. ఎనక పెట్టెలో నేనూ ఎక్కినాను. నువ్వు దిగితే నేనూ దిగి ఆ కొసన నీళ్ళట్యాంకు చాటున నిలబడినాను. మళ్ళా నువ్వు తిరిగొచ్చిన రైల్లోనే వచ్చినాను, ఎనక పెట్టెలోనే."

"ఒక మాట పిలవలేదే?"

"పిలిస్తే ఏం చెప్తావోనని భయం. అడిగితే మళ్ళా పోతావేమోనని ఇంటికొచ్చినాక కూడా అడగలేదు."

ఆమెకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. తిరువాలంగాడు ప్లాట్‌ఫారం మీద తను ఒంటరిగా కూర్చున్న ఆ రెండు గంటలూ ఈ మనిషి అరవై అడుగుల దూరంలో ఉన్నాడు.

"నన్ను ఎవురూ ఏమీ అడగరనే గదా నేను పోయింది" అంది. "అంత దూరం వచ్చి మీరూ అడగకపోతిరి."

జయరామయ్య తల వంచుకున్నాడు. కొట్టు తెరిచే వేళయింది. బయట కుప్పమ్మ చెక్క తలుపు మీద దబదబా కొట్టి, "శెట్టిగారూ, నాలుగయింది గదా" అని కేకేసింది.

"రొంతసేపుండు" అని ఆయన కూర్చున్నచోటి నుంచే అన్నాడు. ఆ కొట్టు చరిత్రలో ఎవరినీ అలా నిలబెట్టినవాడు కాదు. నోటుబుక్కు మొదటి పేజీ తీసి, కుడివైపు మొదటి వరస మీద వేలు పెట్టాడు.

"ఇది చెప్పు. ఏం కథ?"

చెప్పనని అనబోయింది. కాని తొమ్మిదేళ్ళ నాటి కథ, మరిచిపోలేదు. గోదావరి పక్క ఊరు. ఒక ముసలామె, ఒక పాత పడవ, పడవను అమ్మేద్దామనే కొడుకు. మొదట పొడిపొడిగా చెప్పింది, తర్వాత చేతులు తిప్పుతూ చెప్పింది. ఆయన ఊ కొడుతూ విన్నాడు. కొనేవాళ్ళు వచ్చారు, ముసలామె పోయి పడవలో కూర్చుంది. అక్కడికి ఆపేసింది.

"ఆ తర్వాత?"

"పేజీ లేదు."

"లేకుంటే పోనీ" అన్నాడు జయరామయ్య. "ఆమె ఏం చేసుంటుందని నువ్వు అనుకుంటా ఉండావు?"

బయట కుప్పమ్మ మళ్ళీ తలుపు కొట్టింది. ఆయన కదల్లేదు, మీనాంబ ఏమంటుందా అని చూస్తూ కూర్చున్నాడు.