హ్రానిట్సేలో ఆగిన నీలిబండి

వ్లాస్తా కౌత్నా మా భవనంలోనే, నా కింది అంతస్తులో ఉంటుంది. సాయంత్రం ఆమె మెట్లెక్కే చప్పుడును బట్టి ఆ రోజు బండి ఎలా నడిచిందో నాకు తెలిసిపోయేది. బండి వేళకు నడిచిన రోజున ఒక్క మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునేది. ఆలస్యమైన రోజున ప్రతి మలుపు దగ్గరా ఆగేది. పుస్తకం మూసి, తలుపు తీసి, టీ తాగుతారా అని అడిగేదాన్ని. ఎక్కువసార్లు వద్దనేది. ఒప్పుకున్న రోజున మాత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కప్పును రెండు మోకాళ్ళకూ మార్చి మార్చి ఆనించుకునేది.

చదువు అయీకాగానే ప్రభుత్వ రైల్వేలో చేరింది. తండ్రి సిగ్నల్ కేబిన్‌లో లీవర్లు లాగినవాడు కాబట్టి వేరే ఉద్యోగం సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తనేలేదట. గార్డుగా పనిచేస్తూ వయసు మళ్ళింది. మనుషుల్ని తగ్గిస్తున్నామని అక్కడివాళ్ళు చెప్పినప్పుడు ప్రైవేటు కంపెనీకి వెళ్ళింది. ఆస్ట్రియావాళ్ళు వాడి పక్కన పెట్టిన పెట్టెల్ని కొని, నీలం రంగు వేసి, ప్రాగ్ నుంచి సరిహద్దు అవతల కొషిత్సే దాకా నడిపే కంపెనీ అది. మా వైపు దాన్ని నీలిబండి అంటారు. శుభ్రంగా ఉంటుంది, వేళకు వస్తుంది, కాఫీ ఇస్తారు. ప్రతివాళ్ళకూ సీటు ఉండాల్సిందే, నిలబడి వెళ్ళడమన్నది లేదు. నేనూ అందులోనే వెళ్తాను. ఊరికే నిందించడానికి నాకు నోరు రాదు.

చేరిన కొత్తలో వ్లాస్తాకు నవ్వడం నేర్పారు. కూతురి వయసున్న ఒకమ్మాయి అద్దం ముందు నిలబెట్టి, పెట్టె తలుపు తీసేటప్పుడు ఎంత నవ్వాలో చూపించిందట. మా వైపు జనం కారణం లేకుండా నవ్వే మనిషిని చూస్తే జేబు తడుముకుంటారు. మొదటి రోజే ఒక ముసలాయన ఆమెను ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, నా మొహానికి ఏమన్నా అంటుకుందా?" అని అడిగాడు. ఆ తర్వాత ఆమె నవ్వును కాఫీ పోసేటప్పటికి మాత్రమే అట్టిపెట్టుకుంది. కాఫీ ఒక కారణమే కదా అంది నాతో.

ఆమె కోరుకున్నది ఒక్కటే. పింఛను వచ్చేదాకా బండి మీదే ఉండాలి. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు, కూర్చుని చేసే పని చూసుకోమని కూడా చెప్పాడు. ఆమె వినలేదు. "కూచుంటే బిగుసుకుపోతాయండీ. బండి ఊగుతుంటే వాటికవే కదుల్తాయి" అనేది. అది మోకాళ్ళ మాట కాదని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. బండిలో మాత్రం రోజూ కొన్ని వందల మంది ఆమె చెయ్యి ఎత్తితేనే కదిలేవారు.

లింకు బండ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. పాత రోజుల్లో కొండల్లోంచి వచ్చే చిన్న ప్యాసింజరు ఆలస్యమైతే పెద్ద లైను బండి దానికోసం కాసేపు ఆగేది. ఎంతసేపు ఆగాలన్నది రాసిపెట్టి ఉండేది. అది చాలకపోతే, రాయని ఉపాయం ఇంకొకటి ఉండేది. గార్డు ప్లాట్‌ఫారం మీద ఒక కాలు మడిచి బూటు లేసు కట్టుకునేవాడు. డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి సిగరెట్టు ముట్టించేవాడు. స్టేషను మాస్టరు అటు తిరిగి పూలకుండీలను పరీక్షించేవాడు. గార్డు కాలు నేలమీద ఉండగా బండి కదలదు. లేసు ఊడిందన్న కారణానికి ఆలస్యాల పట్టికలో గడి లేదు. అలా ఎంతమంది కొండజనం పెళ్ళిళ్ళకూ, కోర్టులకూ, కాన్పులకూ అందుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

నీలిబండి ఆగదు. అది చెడ్డతనమనలేను. పట్టాలు వాళ్ళవి కావు. వాటిమీద నడవడానికి వంతు కొనుక్కుంటారు. వంతు తప్పితే ఏ గూడ్సు వెనకో ఈడ్చుకుంటూ పోవాల్సిందే. ఇదంతా వ్లాస్తాకు నాకంటే బాగా తెలుసు. అయినా ఒకసారి పాత అలవాటు కొద్దీ లింకు కోసం బండిని ఆపింది. మళ్ళీ ఆపితే బండి దింపేస్తామని హెచ్చరించారు. అదే నెలలో అందరికీ కొత్త బూట్లు ఇచ్చారు, లేసులు లేనివి. "నాకోసమే కుట్టించినట్టున్నారు" అని నా గుమ్మంలో కాలు చాపి చూపించింది.

ఫిబ్రవరిలో, మంచూ వానా కలిసి పడుతున్న రోజున, సరిహద్దు అవతల జిలినాలో ఉన్న ఒక స్నేహితురాలిని చూడడానికి మా ఊరు హ్రానిట్సేలో నీలిబండి ఎక్కాను. మధ్యాహ్నం కాలేదింకా. మా పెట్టె గుమ్మంలోనే వ్లాస్తా నిలబడి ఉంది. కొండలవైపు నుంచి రావలసిన ప్యాసింజరు పట్టాలమీద కొమ్మ పడి ఆలస్యమైందని మైకులో చెప్పారు. అందులో త్రినెట్స్ వెళ్ళే బూరావాయిద్యాల వాళ్ళున్నారని, నలుగురు ముసలివాళ్ళు నీలిబండిలో ఐదు సీట్లు తీసుకున్నారని ఆమె నాతో అంది. ఐదోది పెద్దబూరాకట. త్రినెట్స్ ఉక్కు కర్మాగారంలో పనిచేసి పోయిన తమ ఊరివాడిని ఆ మధ్యాహ్నం పూడ్చిపెడుతున్నారు. తర్వాతి బండికి వెళ్తే గోతిమీద మట్టి కూడా ఆరిపోయి ఉంటుంది.

పచ్చదీపం వెలిగింది. ఆమె చేతిలోని రేడియోలో డ్రైవరు దాలిబోర్ గొంతు వినిపించింది.

"వ్లాస్తక్కా, పచ్చ పడింది."

"పడనీ."

"అక్కా, మన వంతు పోతుంది."

"తెలుసురా నాయనా."

కొండలవైపు వంపులో చిన్నబండి దీపాలు అప్పుడే కనబడ్డాయి. వ్లాస్తా ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు ప్లాట్‌ఫారం మీదే ఉంచింది. కట్టుకోవడానికి లేసు లేదు. ఊరికే అలా నిలబడింది. ఆమె నిలబడిన తీరు చూసి నాకు భయమేసింది. ఇది పాత అలవాటులా లేదు. తెలిసే చేస్తోంది.

ఆ నలుగురూ వంతెన మెట్లు దిగి పరిగెత్తుకొచ్చారు. నల్లకోట్లు, నెత్తిన మంచు. పెద్దబూరా తలుపులో ఇరుక్కుంది. వాళ్ళ నాయకుడు హినెక్ ఒర్షాగ్, మీసాలలోంచి నీళ్ళు కారుతున్న పెద్దాయన, వెనక నుంచి నెడుతూనే అడిగాడు.

"బండిని పట్టుకుని నుంచున్నది నువ్వేనా, అమ్మాయ్?"

అరవైకి దగ్గరపడిన మనిషిని అమ్మాయ్ అన్నందుకు ఆమె నిజంగానే నవ్వింది, చేతిలో కాఫీ లేకుండా.

"ఎక్కండి ముందు. ఆ ఇత్తడాయన్ని కూచోబెట్టండి. ఆయనకీ టికెట్టుందిగా."

బండి కదిలింది. పోయింది రెండు నిమిషాలే. ఒస్త్రావాకు ఇంకా కొంత దూరం ఉండగానే పొలాల మధ్య నిలబడిపోయాం. కిటికీ బయట, మా ముందున్న లైనులోకి బొగ్గు గూడ్సు ఒకటి తీరిగ్గా వచ్చి చేరింది. ఇక అక్కడి నుంచి దాని తోక పట్టుకుని నడిచాం. త్రినెట్స్‌లో ఆ నలుగురూ దిగేసరికి కార్లవాళ్ళు వచ్చి సిద్ధంగా ఉన్నారు. హినెక్ టోపీ తీసి మా పెట్టెవైపు ఊపాడు. వాళ్ళు అందుకున్నారు. మేము మాత్రం అప్పటికే ముప్పావుగంట వెనకబడ్డాం, సరిహద్దు దాటినా అది తగ్గేలా లేదు.

పెట్టెలో మేము కూర్చున్న చిన్న గదిలో నా ఎదుట ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకామె కూర్చుంది. ఎక్కినప్పటి నుంచి ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతూనే ఉంది. కొషిత్సే ఆసుపత్రిలో వాళ్ళ అమ్మ ఉందని, సాయంత్రం చూడనిచ్చే వేళ కొద్దిసేపేనని ఆ మాటలవల్ల నాకు తెలిసింది. వ్లాస్తా ఆలస్యానికి క్షమాపణ చెబుతూ కాఫీ పళ్ళెంతో లోపలికి వచ్చినప్పుడు, ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఎవరి కోసం ఆపారు మీరు?"

వ్లాస్తా సాంకేతిక కారణమనలేదు. కంపెనీ నేర్పిన మాట అదే. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, చావు దగ్గర వాయించేవాళ్ళ కోసమని.

ఆకుపచ్చకోటామె ఒళ్ళోని ఫోనును బోర్లించింది. తర్వాత గొంతు పెంచకుండానే అంది.

"పోయినాయనకి తొందరేం లేదు కదండీ. మా అమ్మ ఇంకా ఉంది."

వ్లాస్తా కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. ఆకుపచ్చకోటామె తీసుకోలేదు. నేను తీసుకున్నాను, ఆ చెయ్యి అలా గాలిలో ఉండడం చూడలేక. ఆ తర్వాత నేను దిగేదాకా వ్లాస్తా మా గదివైపు రాలేదు. నడవలో ఆమె బూట్ల చప్పుడు మాత్రం అటూ ఇటూ వినబడుతూ ఉంది. జిలినాలో మెట్లు దిగుతుంటే నా మోచెయ్యి పట్టుకుని జాగ్రత్త అంది.

ఆ వారంలోనే ఆమెను ఆఫీసుకు పిలిచారు. కామిల్ ద్రాబెక్ అని అక్కడి పెద్ద. మంచివాడే, ఆమెను బండి దింపడం అతనికి ఇష్టం లేదు. ఆ రాత్రి నా వంటింట్లో టీ చల్లారిపోతుండగా ఆమె ఆ మాటలు చెప్పింది. తలుపు మొరాయించిందని చెప్పండి చాలు, నేను నమ్ముతాను అన్నాడట. తలుపు మొరాయిస్తే తప్పు షెడ్డులో పనిచేసే బొహుష్‌ది అవుతుంది. ఆ పొద్దున్నే చలికి వణుకుతూ ప్రతి తలుపుకూ గ్రీజు పెట్టింది అతనే. వ్లాస్తా కుదరదంది. సరే, అయితే మళ్ళీ ఆపనని మాటివ్వండి, దీన్ని ఇక్కడితో వదిలేద్దాం అన్నాడు కామిల్.

"ఇచ్చెయ్యాల్సింది" అన్నాను నేను.

"ఇద్దామనే వెళ్ళానండీ. దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళాను. తీరా ఆయన ఎదురుగా కూచున్నాక, ఇంకోసారి ఆ వంపులో దీపాలు కనపడితే నేనేం చేస్తానో నాకే తెలీదనిపించింది. ఆ ఆకుపచ్చకోటావిడ మొహం ఒకపక్క. ఈ ముసలాళ్ళ పరుగు ఒకపక్క. ఆపనని అనలేకపోయాను. ఆపుతాననీ అనలేదు. ఊరికే కూచున్నా. ఆయన చాలాసేపు చూశాడు పాపం."

తర్వాత కప్పు వైపు చూస్తూ అడిగింది, ఆవిడ మర్నాడు పొద్దున వాళ్ళమ్మను చూసే ఉంటుంది కదా అని. చూసే ఉంటుందన్నాను. నాకెలా తెలుస్తుంది? ఆమెకూ తెలుసు నాకు తెలియదని. తల ఊపి, మోకాళ్ళమీద చేతులానించి లేచి, కిందికి వెళ్ళిపోయింది.

వ్లాస్తాను బండి దింపారు. పొమ్మనలేదు. హ్రానిట్సే స్టేషనులో కంపెనీవాళ్ళ కౌంటరులో కూర్చోబెట్టారు. నీలిబండి తప్పిపోయినవాళ్ళకు ఆ సంగతి చెప్పడం, తర్వాతి బండిలో సీటు చూసిపెట్టడం ఆమె పని. డాక్టరు కోరుకున్న కుర్చీ దొరికింది. ఇప్పుడు సాయంత్రాలు ఆమె మెట్లెక్కే చప్పుడు రోజూ ఒకేలా ఉంటుంది. దాన్ని బట్టి నాకేమీ తెలియడం లేదు.

మొన్న ఒకరోజు టికెట్టు మార్చుకోవడానికి అక్కడికి వెళ్ళాను. అప్పుడే కొండల బండి ఆలస్యంగా వచ్చింది. సంచులతో ఒక మొగుడూ పెళ్ళామూ ఆయాసపడుతూ కౌంటరు ముందుకొచ్చారు. గాజు అవతల నీలిబండి చివరి పెట్టె ప్లాట్‌ఫారం అంచు దాటుతోంది.

"ఒక్క నిమిషం ఆగుంటే ఏం పోయేది?" అన్నాడతను.

వ్లాస్తా వాళ్ళకు ప్రభుత్వ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పింది. అక్కడ బల్ల మీద గాలి తగలకుండా ఏ వైపు కూర్చోవాలో కూడా చెప్పింది. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. ఎంతయినా నిలబెట్టి తిట్టలేదులెండి, నిన్నొకాయన తిట్టాడు, అంది నాతో.

భోజనాల వేళయింది. పక్కనున్న క్యాంటీన్ నుంచి పుల్లక్యాబేజీ సూపు తెచ్చి ఆమె ముందు పెట్టారు. బండిలో ఉన్నన్నాళ్ళూ ఏ రెండు స్టేషన్ల మధ్యనో చల్లారిపోయిన సూపే తాగింది. ఆ అలవాటులోనే ఊదకుండా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. చెంచా పక్కన పెట్టి, చల్లారేదాకా ఖాళీ ప్లాట్‌ఫారం వైపు చూస్తూ కూర్చుంది.