తాత పాడె ముందు చల్లిన యుద్ధం రూపాయలు

తాత పోయిన రోజు మా ఇంట్లో ఏడ్చేవాళ్లకు కొరత లేదు. కరువంతా చిల్లరకే. శవయాత్రలో దారి పొడుగునా పేలాలతో కలిపి పైసలు చల్లాలి. మెదక్‌లో ఏ దుకాణానికి పోయినా ఒకటే మాట: "చిల్లర యాడిదన్నా, అందరు స్కానే చేస్తున్నరు." పాడె మీద నుంచి స్కాన్ చేసే సౌకర్యం ఇంకా రాలేదు.

నేను వాకిట్లో పాడె కట్టిస్తున్నాను. చిల్లర వెతికే బాధ్యత మా చిన్నాయన తీసుకున్నాడు. రాజకీయాల్లో ఉన్నాడు కాబట్టి బాధ్యతలు అడగకుండానే తీసుకుంటాడు.

పాడె లేచింది. ముందు ఎడమ మూల నా భుజం మీద. నిప్పుల కుండతో నాన్న అందరికంటే ముందు. ఆయన వెనక్కి తిరిగి చూడకూడదు. డప్పుల మధ్య చిన్నాయన "నాయినా!" అని చర్చి దాకా వినపడేలా ఏడ్చి, సంచిలోంచి గుప్పెడు తీసి చల్లాడు. ఒకటి దొర్లుకుంటూ నా కాలి ముందుకొచ్చి పడింది. మీద చార్మినార్ ఉంది.

తాత దాచుకున్న డబ్బాలోవి అవి. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకటై, రాగీ అదీ కలిపి సగం వెండితో కొట్టించిన నిజాం రూపాయలు. ఎక్కడో జర్మనీవాడు యుద్ధం చేస్తే పాపన్నపేట రైతు రూపాయిలో వెండి పోయింది. అంతకు ముందరి మంచి రూపాయలను ఊళ్లల్లో కడియాలకు కరిగించుకున్నారు. వీటిని కంసాలులు వద్దన్నారు. అలా మిగిలినవాటిని తాత శంకరంపేట దాకా తిరిగి పోగుచేశాడు.

"మంచియన్ని కరిగిపోయినయ్‌రా. కల్తీవే బతికినయ్" అనేవాడు.

"చిన్నాయన లెక్కనా తాతా?" అంటే నవ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు.

వెండి దుకాణంలో వీటిని తూకం వేసి, సగం వెండికే ధర కడతారు. సేకరించేవాళ్లు మాత్రం మినార్ల గీతలు అరిగాయా, అంచు బాగుందా, ఏ సంవత్సరానిది అని చూస్తారు. ఆ సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉంటుంది. నిజాం కాలపు బడిలో చదివిన తాతకు అవి వచ్చు, నాకు రావు. అలా సగం వెండితో కొట్టించిన ఏళ్లన్నిటివీ ఆయన వరుసగా కూర్చాడు. ఆ వరుసకే విలువ. విడదీస్తే వెండి ముక్కలు. దవాఖానకు పోయే ముందు డబ్బా చూపించి, "ఇగ ఇవి నీయే. వచ్చినంక అంకెలు నేర్పిస్త, గప్పటిదాంక ముట్టకు" అన్నాడు. నేను ముట్టలేదు. ఆ షరతు ఇంట్లో ఇంకెవరికీ పెట్టలేదు.

"చిన్నాయనా, గవి చల్లకు!" అని అరిచాను.

"ఏందిరా?"

"గవి తాతవి!"

"తాతవే గదరా! ఆయన పైసలు ఆయన మీదనే చల్లాలె. పుణ్యం!" అని ఇంకాస్త ఏడ్చి, ఇంకో గుప్పెడు చల్లాడు.

పక్క మూల మోస్తున్న బావను బతిమాలాను. "బావా, జర ఎవరినన్న నా దిక్కు పట్టుమను. ఒక్క నిమిషం."

"మనుమడివి నువ్వే దిగితే మంది ఏమంటరు? గుంజకు, తాత పడ్తడు."

దిగినా లాభం లేదు. చల్లినవి ఇంటివాళ్లు ఎత్తుకోకూడదు. రోడ్డు పక్కన ఒక ఆటో ఆయన ఒకటి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "గిది నడువదు" అని మోరీలోకి విసిరాడు. వరుసలో ఏ సంవత్సరం మునిగిందో నాకు తెలియదు. తెలిసిన మనిషి నా భుజం మీదే ఉన్నాడు.

సగం దారిలో పాడె దించారు. దింపుడు కల్లం. పోయినవాళ్లు ఒకవేళ లేస్తారేమోనని చెవిలో పిలిచే చోటు. నేను ముందు చిన్నాయన సంచి దగ్గరికి ఉరికాను. అడుగున పేలాలు మాత్రమే ఉన్నాయి.

చిన్నాయన పిలిచాడు. తాత లేవలేదు. ఆయన గొంతుకు తాత బతికున్నప్పుడే లేచేవాడు కాదు.

"నువ్వు పిలువు బిడ్డా, నువ్వంటే పాణం ఆయనకు" అన్నాడు ఒక పెద్దాయన.

వంగాను. ఉత్తగా లెమ్మంటే లేచే మనిషి కాదని నాకు తెలుసు. అందుకని చెవిలో మెల్లగా చెప్పాను. "తాతా, నీ యుద్ధం రూపాయలన్ని చిన్నాయన రోడ్డు మీద చల్లిండు. జర లేసి చూడు."

రెప్పల వైపు చూస్తూ అలాగే ఉన్నాను. దీనికి లేవకపోతే ఇక దేనికీ లేవడు.

"ఏమన్నవ్‌రా?" అని చిన్నాయన కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"లెమ్మన్న."

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నా మూల నేను ఎత్తుకున్నాను.