సరస్వతి ఆకు, నాయనమ్మ పలక

మొన్న మా మునిమనవరాలు పరీక్షలకని కొనుక్కున్న మాత్రల డబ్బా మూత తీసింది. డబ్బా మీద సరస్వతి ఆకు బొమ్మ ఉంది. ఆ పచ్చి వాసనకు బెజవాడ పటమటలోని మా పాత వంటిల్లు గుర్తుకొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. ఎక్కాలు రావడం లేదని అమ్మ కాలవ గట్టున ఆ ఆకు కోసుకొచ్చి, నూరి, పసరులో తేనె కలిపి రోజూ పొద్దున్నే తాగించేది. "తాగవే, జ్ఞాపకశక్తి పెరుగుద్ది" అనేది. నాయనమ్మకు మతిమరుపు మొదలైందీ ఆ ఏడే. అన్నం తిని, తినలేదనేది. నన్ను చూసి "ఎవరమ్మాయివే నువ్వు?" అనేది. దాంతో అమ్మ ఆవిడకూ ఒక గుక్క పోసేది.

నాకు మాత్రం బెంగ. సరస్వతి అంటే చదువుల తల్లి కదా, అక్షరం ముక్క రాని నాయనమ్మకు ఆ ఆకు ఎలా పనిచేస్తుంది? అందుకని పసరు తాగగానే ఆవిడ ముందు నా పలక పెట్టి, వేలు పట్టుకుని "అ" దిద్దించేదాన్ని.

"ఈ వయసులో నాకెందుకే ఇది?" అనేది.

"దిద్దకపోతే ఆకు ఒంటబట్టదు నాయనమ్మా" అనేదాన్ని.

వానాకాలం వెళ్లేసరికి ఆవిడ మంగమ్మ అని తన పేరు తనే రాసింది.

అది ఆకు గుణమో, రోజూ పక్కన ఒక మనిషి కూర్చున్న గుణమో నాకు ఈనాటికీ తెలియదు. నా పేరు మాత్రం ఆవిడకు మళ్లీ గుర్తుకు రాలేదు. కానీ నేను గుమ్మంలో కనబడితే చాలు, చాప మీద కాస్త పక్కకు జరిగి, కొంగుతో పలక తుడిచి, "రండి పంతులమ్మగారూ" అనేది.