రాజుగారికి నేను రాసిచ్చిన అధికారం

2017లో నేను సింగపూర్‌లో ఒక చిన్న లా ఆఫీసుకి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. చైనాటౌన్ దగ్గర పాత షాపింగ్ కాంప్లెక్సులో మూడో అంతస్తు. ఒక దేశపు రాజుని నా మాటతో కట్టడి చేశానని మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద కూర్చునే ముసలాళ్లకి చాలాసార్లు చెప్పాను. వాళ్లు నమ్మారు కూడా. అసలు సంగతి వేరు. రాజుగారికి లేని అధికారాన్ని నేనే రాయించి ఇచ్చాను. దాన్ని వెనక్కి తీసుకునేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కోర్టుకి ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాన్ని అఫిడవిట్ అంటారు. ఇంగ్లీషు రాని మనిషి తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో చెబుతాను, లాయరు టైపు చేస్తుంది. తర్వాత ఆ కాగితమంతా అతనికి తెలుగులో వినిపించాలి. ఉన్నదున్నట్టు వినిపించానని చివర నేను సంతకం పెట్టే భాగాన్ని జురాట్ అంటారు. అక్కడ అబద్ధమాడితే జైలే.

ఆ రోజు వచ్చినవాడు చిన్నయ్య. శ్రీకాకుళం వైపు వాడు, సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డరు. అతని అన్న పెద్దయ్య మరో దేశంలో టైల్స్ మేస్త్రీ. ఆ దేశం పేరు రాయను, అక్కడ రాజు ఉన్నాడని చెబితే చాలు. రాజుగారి అతిథిగృహంలో పని చేస్తుండగా ఏదో వస్తువు పోయిందన్నారు. రాజుగారు స్వయంగా సంతకం పెట్టిన ఉత్తర్వుతో పెద్దయ్యని పట్టుకుపోయారు. నలభై రోజులైనా ఎక్కడున్నాడో తెలియదు. ఎవరిని పట్టుకున్నా రెండు రోజుల్లో జడ్జి ముందు నిలబెట్టాలని ఆ దేశపు రాజ్యాంగంలోనే ఉంది. రాజుగారి ఉత్తర్వైనా దానికి లోబడాల్సిందేనని అక్కడి లాయరొకాయన ధైర్యం చేసి పిటిషన్ తయారుచేశాడు. దానికి తమ్ముడి అఫిడవిట్ కావాలి.

మా లాయరు మేడమ్ టాన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. చిన్నయ్య కుర్చీ అంచున కూర్చుని నా చెవి దగ్గరికి వంగాడు.

“రాజు మీద సంతకమెట్టమంతారేటి అంకుల్? అన్న ఆల సేతుల్లో ఉన్నాడు. కోపమొచ్చి సంపేత్తే?”

“నాకిది కొత్తా? ఇలాంటివి వంద చూశాను. ఇద్దరు సుల్తానుల్ని కోర్టుకి లాగాను,” అన్నాను.

అప్పటిదాకా నేను చూసినవి పనిచోట దెబ్బలు తగిలిన కేసులూ, రెండు విడాకులూ.

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. అసలైన చోటుకి వచ్చేసరికి గొంతు గట్టిపడింది. “మా అన్న తీసినాడో నేదో నాకు తెల్దు. జడ్జీ ముందట నిలబెట్టమనండి. తప్పుంటే సిచ్చెయ్యమనండి. నేకపోతే ఒగ్గీమనండి.”

నా చెవికి అది ఒక వెల్డరు రాజుకి ఆజ్ఞ వేస్తున్నట్టు వినపడింది. మా నాన్న తాలూకాఫీసు అరుగు మీద అర్జీలు రాసేవాడు. ‘మహారాజశ్రీ వారి దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి ‘తమ దయాధర్మములు’ అని ముగించేవాడు. ఆ రెండూ లేని అర్జీ బల్ల మీంచి కదిలేది కాదు. నేను ఆయన పక్కన కూర్చుని రాత నేర్చుకున్నవాణ్ణి. చిన్నయ్య మాటని ఇంగ్లీషులో ఇలా మార్చాను: “నా అన్నపై రాజావారి అధికారం సంపూర్ణం. నేను వేడుకునేది వారి కరుణను మాత్రమే.” మేడమ్ టాన్ టైపు చేసింది. అన్నదమ్ములిద్దరినీ కాపాడేశానని లోపల్లోపల మురిసిపోయాను.

తర్వాత చదివి వినిపించడం మొదలైంది. నేను మార్చిన ఏడో పేరా దగ్గర చిన్నయ్య చెయ్యెత్తాడు.

“ఆగండాగండి. ఆ మాట నానన్నేదు.”

“పెద్దవాళ్లతో అలాగే మాట్లాడాలిలే.”

“దయ కోసమైతే కోర్టుకెందుకెల్డం అంకుల్? ఆ కోట గుమ్మం కాడికే ఎల్దుము గదా.”

మేడమ్ టాన్ తలెత్తింది. “ఏమంటున్నాడు అంకుల్?”

“నథింగ్ మేడమ్,” అనేశాను.

ప్రమాణం చేయించే కమిషనర్ పావుగంటలో వస్తాడు. కాగితం చివర జురాట్ కింద నా పేరు టైపై ఉంది. తప్పు ఒప్పుకుంటే ఈ ఆఫీసు గుమ్మం మళ్లీ ఎక్కనివ్వరు. ఒప్పుకోకపోతే, చిన్నయ్యకి ఇంగ్లీషు రాదు, మేడమ్‌కి తెలుగు రాదు. ఆ గదిలో నన్ను ఆపగలిగినవాడు ఒక్కడూ లేడు. అది తోచగానే అసలు భయం పుట్టింది. పెద్దయ్యని పట్టుకుపోయిన ఆ రాజుకీ తనని ఆపేవాడు లేడనే అనిపించి ఉంటుంది.

“ఆ పేరా అతనిది కాదు మేడమ్. నాది,” అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఇదొక్కటి చాలు అంకుల్. ఖైదీ తమ్ముడే రాజుగారి అధికారం సంపూర్ణం అన్నాడు, ఇక కోర్టుకేం పని అని అవతలి లాయరు లేస్తాడు. రాజ్యాంగం ఇవ్వనిది మీరిచ్చేశారు.”

అదంతా చిన్నయ్యకి తెలుగులో చెప్పాను. వంద కేసులన్నది అబద్ధమని కూడా చెప్పాను.

“మరి సుల్తానులో?”

“ఒక్కడూ లేడు.”

“ఓరి నాయనో! నన్ను సంపీసినారు గదా,” అని నవ్వబోయి ఆగిపోయాడు. “అయితే మీకూ బయమేనా?”

“నీకంటే ఎక్కువ.”

ఆ మాట విన్నాక అతను కుర్చీలో వెనక్కి జరిగి సరిగా కూర్చున్నాడు. “అయితే నా మాటే ఎట్టండి.”

ఇంకోసారి ఇలా చేస్తే ఈ గుమ్మం ఎక్కొద్దని చెప్పి మేడమ్ టాన్ పేరా మార్చింది. నేను మొదటినుంచీ మళ్లీ చదివి వినిపించాను. కమిషనర్ ముందు ప్రమాణం చేసి సంతకం పెడుతుంటే చిన్నయ్య అక్షరాలు గీత దాటాయి. నా సంతకం అంతకంటే అన్యాయంగా వచ్చింది.

ఆ తర్వాత రెండు వారాలు కోర్టు నుంచి ఏ కబురూ లేదు. చిన్నయ్య రోజూ మధ్యాహ్నం యార్డులోంచి ఫోను చేసేవాడు. “ఏటైనా తెలిసిందా అంకుల్?” పదో రోజున, పెద్దయ్యని దాచిన చోటేదో తెలిసేలోపే అక్కణ్ణుంచి తీసేశారనీ, ఎక్కడికో ఎవరూ చెప్పడం లేదనీ అక్కడి లాయరు రాశాడు. కరుణ అడిగిన కాగితమే పంపించి ఉంటే ఆ మనిషి బతికేవాడేమో అనిపించేది. ఫోను మోగితే మా ఆవిడకిచ్చి పక్కగదిలోకి పోయేవాణ్ణి.

చివరికి మేడమ్ టాన్ నుంచి ఫోనొచ్చింది. అక్కడి జడ్జీలు ముగ్గురూ ఒకే మాట చెప్పారట: రాజుగారికున్న అధికారం రాజ్యాంగం ఇచ్చినంతే, మనిషిని జడ్జికి చూపకుండా ఉంచుకునే అధికారం అందులో లేదు, రేపు పదింటికల్లా తీసుకురండి. మర్నాడు తీసుకొచ్చారు. ప్రాణంతో ఉన్నాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవడం లేదు. నేరం మోపడానికి ఏమీ లేదని వదిలేసి ఊరికి పంపించారు.

తర్వాతి వారం చిన్నయ్య ఆఫీసుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. అడిగాడు: “ఆ జడ్జీలకి బయమెయ్యనేదా అంకుల్? ఆళ్లకీ పెళ్లాం పిల్లలుంతారు. ఆ రాజు ఊల్లోనే బతకాల గదా.”

జడ్జీలకి భయమేమిట్రా అని దంచేద్దామని నోరు తెరిచాను. “వేసే ఉంటుంది,” అన్నాను.

అతను తల ఊపాడు. ఆ మాటతో అతనికి ఆ జడ్జీల మీద గౌరవం పెరిగినట్టే కనపడింది.

నేను ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు ఆ కుర్చీలో పనిచేశాను. భయపడుతూ చెప్పిన వాళ్ల మాటల్ని ఎన్నో ఇంగ్లీషులో పెట్టాను. ఒక్కదాన్నీ మెత్తబరచలేదు.