అవ్వ పాటకు రాగం ఎవరిది?

ఎజ్రా కాలు ఒకచోట నిలవదు. బ్రేకు మీద ఉన్నంతసేపే దానికి బుద్ధి. బండి దిగాడా, మళ్లీ ఆడుతూనే ఉంటుంది. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అతను బస్సు డ్రైవరు. పొద్దున గండిపేట వైపు నుంచి పిల్లల్ని, లెక్చరర్లను తెచ్చి దించేస్తే మళ్లీ సాయంత్రం దాకా పని లేదు. మిగతా డ్రైవర్లు ఆ మధ్యలో పేకాడతారు, లేదంటే వెనక సీట్లో కాళ్లు బారజాపి గురకపెడతారు. ఎజ్రాకు పగలు నిద్ర రాదు, పేక అచ్చిరాలేదు. అందుకని పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు.

నవ్వకండి. అద్దాలన్నీ మూసేసిన బస్సుకు మించిన స్టూడియో ఆ చుట్టుపక్కల లేదు. అన్ని సీట్ల స్పాంజి బయటి చప్పుడును మింగేస్తుంది. ఉక్కపోత ఒక్కటే బాధ. చెమటలు కక్కుకుంటూనే కాలేజీ తోటమాలిని, క్యాంటీన్ వంటామెను, చేవెళ్ల మార్కెట్‌కు కూరగాయలు తోలే ఆటోవాళ్లను ఒక్కొక్కరినే ఎదురు సీట్లో కూర్చోబెట్టి వాళ్ల బతుకు చెప్పించుకున్నాడు. ఏ విల్లా లేచిన చోట ఎవరి టమాట తోట ఉండేదో, ఎవరు ఏ బావిలో ఈత నేర్చుకున్నారో అన్నీ అతని ఫోనులోకి ఎక్కాయి. దానికి ‘బస్సుల ముచ్చట’ అని పేరు పెట్టాడు. వినేవాళ్లు వేలల్లో లేరు గానీ ఉన్నవాళ్లు గట్టివాళ్లు, ఒక వారం ఆలస్యమైతే ఫోన్ చేసి తిట్టేంత గట్టివాళ్లు.

గొడవంతా మాట మొదలయ్యే ముందు వచ్చే ఆ కాస్త సంగీతంతో వచ్చింది. బ్యాండు లేని పెళ్లిలా ఉంటుందని మొదట్లో ఒక సినిమా పాట ముక్క తగిలించాడు. "పది సెకండ్ల లోపల పెడితే ఎవడు అడగడన్నా, అది రూలు" అని తోటి డ్రైవరు జ్ఞానేశ్వర్ గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఆ రూలు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు గానీ ఊరంతా నమ్ముతుంది. పాడ్‌కాస్టులు మోసే కంపెనీ మాత్రం నమ్మలేదు. ఆ ముచ్చటను ఊడబీకి అవతల పారేసింది. దెబ్బకు భయపడి ఈసారి ‘నో కాపీరైట్’ అని పెద్దక్షరాలతో రాసి ఉన్న వేణువు ముక్కను వెతికి పెట్టుకున్నాడు. అదీ పోయింది. ఈసారి కంపెనీ హెచ్చరిక కూడా పెట్టింది: ఇంకొక్కసారి ఇలాగే జరిగితే మొత్తం ముచ్చట్లన్నీ తీసేస్తాం.

ఆ రోజు నుంచి ఎజ్రాకు తిన్నది ఒంటబట్టలేదు. పోయేది తన గొంతు ఒక్కటే అయితే అంత బాధ ఉండేది కాదు. నమ్మి ఎదురు సీట్లో కూర్చున్న వాళ్లందరి మాటలూ పోతాయి.

బస్సులో ముందు సీటు ఎప్పుడూ లైబ్రేరియన్ రమణిది. కోస్తా నుంచి వచ్చి గండిపేటలో స్థిరపడిన కుటుంబం. ఆ హెచ్చరికను చదివి పెట్టింది ఆమే.

"టైటిల్లో రాసుకున్నంత మాత్రాన సరిపోతుందాండీ ఎజ్రా గారూ? ఆ వేణువు పెట్టినవాడే ఇంకెవరి దగ్గరో ఎత్తుకొచ్చాడు. చేసినవాళ్లు స్వయంగా వాడుకోండి అని అనుమతి ఇచ్చిన సంగీతమే తీసుకోవాలి."

అలాంటి సంగీతం దొరికే చోట్లు కూడా ఆమే చూపించింది. కొందరు పేరు చెబితే చాలంటారు, కొందరు ముక్కలు చెయ్యొద్దంటారు, కొందరు ఏమైనా చేసుకోండంటారు. ఎజ్రా చెవుల్లో తీగలు పెట్టుకుని రోజుల తరబడి విన్నాడు. అంతా గిటారు, పియానో. విల్లా గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడే ఎల్లయ్య తన ఎద్దు చచ్చిపోయిన రోజు గురించి చెబుతుంటే, దాని ముందు ఆ గిటారు మోగితే, షాపింగ్ మాల్‌లో డిస్కౌంట్ చెప్పబోతున్నట్టు ఉంది. చట్టానికి ఒప్పేది మనసుకు ఒప్పలేదు, మనసుకు ఒప్పేది చట్టానికి ఒప్పలేదు. కాలు ఆడటం ఎక్కువైంది. ఇంట్లో భార్య మంచం ఊగుతున్నదని విసుక్కుంది.

ఒక ఆదివారం సొంతూరు సురంగల్ చర్చిలో దారి దొరికింది. దొరికిందనే అనుకున్నాడు పాపం.

ఎజ్రా నానమ్మ ధనమ్మ ఆ రోజు ఆరాధనలో పాట ఎత్తుకుంది. ‘ఎండిన బావిలో ఊటవు నీవే, మోట తోలే చేతికి బలము నీవే’. ఆడవాళ్లంతా చప్పట్లతో అందుకున్నారు. ఆ పాట కట్టింది ధనమ్మ పెనిమిటి, ఎజ్రా తాత, సంఘపెద్ద స్వామిదాసు. ఆయన పోయి ఏళ్లయినా ఆ పాట పాడని పెళ్లి లేదు, చావు లేదు. ఇంత సొంత పాటను ఇంట్లో పెట్టుకుని ఊళ్లన్నీ వెతికానా అని ఎజ్రా నెత్తి కొట్టుకున్నాడు. ఆరాధన అయ్యాక ధనమ్మ చేత మళ్లీ పాడించి ఫోనులో పట్టాడు.

"అవ్వా, ఇగ నా ముచ్చట ఎప్పుడు షురూ అయినా ముందు తాత పాటే వస్తది. పెట్టుకోవాల్నా?"

"మీ తాత పాట పెట్టుకోనికి నన్ను అడుగుడేంది రా!" అన్నది గానీ, సాయంత్రానికి సంఘం మొత్తానికి చెప్పుకొచ్చింది. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే అందరం కలిసి విందామని పాస్టరు మాట కూడా తీసుకుంది.

సోమవారం బస్సు ఆపి, పిల్లలందరూ దిగాక, ఎజ్రా గర్వంగా ఆ పాటను రమణికి వినిపించాడు. మొదటి చరణం దాటకముందే రమణి కూడా గొంతు కలిపింది. మాటలు వేరు. వెన్నెల, పడవ, చెలికాడు. రాగం మాత్రం అచ్చంగా అదే, ఒక్క మెలిక తేడా లేదు.

"ఇది పాత సినిమా పాట కదండీ! మా అమ్మ అంట్లు తోముకుంటూ ఇదే పాడేది."

ఎజ్రా కాదన్నాడు. రమణి ఫోనులో వెతికి పెట్టింది. నలుపు తెలుపు బొమ్మలో ఒకావిడ పడవలో కూర్చుని స్వామిదాసు రాగాన్ని హాయిగా పాడుకుంటోంది.

"మాటలు మార్చి మనమే పాడితే కూడ తప్పేనా మేడం?"

"మాటలు మీ తాతగారివే, వాటి హక్కు మీ ఇంట్లోవాళ్లదే. రాగం మాత్రం కట్టినవాళ్లది కదండీ. పెడితే మూడో దెబ్బ కూడా పడుతుంది."

ఇన్నేళ్లలో సంఘంలో ఒక్కరైనా ఈ సంగతి ఎందుకు పట్టలేదని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది అసలు తమాషా. ఆ సంఘంలో సినిమా నిషేధం. సినిమాకు పోయినట్టు తెలిస్తే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. రాగం తెలిసినవాడు తెలుసని నోరు విప్పితే సినిమాకు పోయానని ఒప్పుకున్నట్టే. అందుకే అందరూ చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. ఆ నిషేధం పెట్టించింది ఎవరో కాదు, సంఘపెద్ద స్వామిదాసే.

ఎజ్రాకు తాత మీద నవ్వు రాలేదు, కోపం వచ్చింది. పాట పెడితే ముచ్చట్లన్నీ పోతాయి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో అవ్వకు చెప్పాలి. మొగుడు కట్టిన పాట అని జీవితమంతా తలెత్తుకు తిరిగిన మనిషికి, అది సినిమాలో నుంచి ఎత్తుకొచ్చిందని ఏ నోటితో చెబుతాడు? వారమంతా గేర్లు తప్పుగా వేశాడు. ఒకరోజు రమణి దిగాల్సిన స్టాపు దాటిపోయాడు కూడా.

శనివారం సెలవు పెట్టి పొలానికి పోయాడు. తండ్రి గిద్యోను కొత్తిమీర మడికి నీళ్లు కడుతున్నాడు. స్వామిదాసుకు ఒక్కగానొక్క కొడుకు. చర్చికి తప్పకుండా వస్తాడు, వెనక వరుసలో కూర్చుంటాడు. పాట మొదలైతే మాత్రం పెదవులు బిగిస్తాడు. చిన్నప్పుడు సినిమాకు పోయాడని తండ్రే సంఘం ముందు నిలబెట్టాడని, ఆ కక్షతోనే పాడటం మానేశాడని ఊరంతా అంటారు. ఎజ్రా కూడా అదే నమ్మాడు.

"బాపూ, తాత పాట సినిమాది."

గిద్యోను పార దించలేదు. మడి నిండేదాకా ఆగి, నీళ్లు పక్క మడికి మళ్లించి, అప్పుడన్నాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"నీకు ఎరుకనా?"

"చేవెళ్లల డేరా టాకీసు ఉంటుండె. ఒక్కసారే పోయిన. తెర మీద ఆమె పడవల కూసోని మా నాయిన పాట పాడుతున్నది. సగంల లేచొచ్చిన. ఇంటికొచ్చేసరికి ఎవడో చెప్పనే చెప్పిండు."

"సంఘం ముంగట నిలబెట్టినప్పుడు అననీకి ఏమైంది మరి? నీ పాట ఆడికెల్లి తెచ్చిందే అని అనకపోయినవా?"

గిద్యోను చేతికంటిన బురద గట్టు గడ్డికి తుడుచుకున్నాడు.

"నాయిన అడిగిండు, అక్కడ ఏం చూసినవ్ రా అని. నోటిదాక వచ్చింది. అటు జూస్తే ఆడోళ్ల దిక్కు మా అమ్మ కూసున్నది. అప్పుడే ఆ పాట పాడి కూసున్నది. మొకం నిండ వెలుగు. ఎట్ల చెప్త రా? మంచిగ లేని సినిమా చూసిన, తప్పయింది అన్న. అయిపోయింది."

ఎజ్రాకు తండ్రి మొండివాడని, కక్షగొట్టువాడని తనూ ఎన్నిసార్లు అన్నాడో గుర్తొచ్చి సిగ్గేసింది.

"అందుకేనా పాడుడు బంద్ చేసినవ్?"

"ఆ రాగం ఎత్తుకుంటే పడవ కనబడ్తది. మాటలైతే నాకు ఇష్టమే. మాటలు మా నాయినవే గద. ఈడ నీళ్లు కట్టేటప్పుడు నాకొచ్చినట్టు అనుకుంట."

"ఎట్ల అనుకుంటవ్?"

"ఎట్లనో. పో, పని చూసుకో."

ఎజ్రా పోలేదు. గట్టు మీద కూర్చుని కాలు ఊపుతూనే ఉన్నాడు. ఆ ఊపుడు చూడలేక గిద్యోను పార గట్టున పాతి, మొహం అవతలకు తిప్పుకుని పాడాడు. అవే మాటలు. బావి, ఊట, మోట తోలే చెయ్యి. రాగం మాత్రం పడవది కాదు. నీళ్లు ఒక మడి నిండి ఇంకో మడిలోకి జారుతున్నట్టు, తొందర లేకుండా, అక్కడక్కడ ఆగి ఆగి నడిచింది. ఏ సినిమాలోనూ లేదు, ఏ చర్చిలోనూ లేదు. అది కొత్తిమీర మడికి తప్ప ఎవరికీ తెలియని రాగం.

ఎజ్రా తండ్రి చెయ్యి పట్టుకుని బండి మీద కాలేజీకి లాక్కుపోయాడు. ఖాళీ బస్సులో అద్దాలు మూసి, ఎదురు సీట్లో కూర్చోబెట్టి పాడించాడు. ఎన్నేళ్లుగానో మనుషుల ముందు తెరవని గొంతు మొదట గీరుకుపోయింది, తర్వాత దారిలో పడింది. ఎజ్రా పాటతోపాటు అడగాల్సింది కూడా అడిగాడు.

"ఈ రాగం నీదేనా బాపూ? ఎక్కడ ఇన్నది కాదు గద?"

"ఆడ ఎవడున్నడు రా వినిపియ్యనీకి? గట్లు, కుందేళ్లు."

"పెట్టుకోవాల్నా మరి?"

"పెట్టుకో. అమ్మకు మాత్రం ఏం చెప్పకు. తాత రాగం మర్చిపోయి బాపు తప్పు పాడిండు అని చెప్పు."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట బెంచీ చుట్టూ జనం మూగారు. ఎజ్రా స్పీకరు పెట్టాడు. కొడుకు గొంతు వినగానే ధనమ్మ తల చప్పున లేచింది. చుట్టూ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, రాగం అందక చప్పట్లు తడబడ్డాయి. ధనమ్మ మాత్రం రెండో చరణానికే తన చప్పట్లను ఆ కొత్త నడకకు సరిచేసుకుంది. కళ్లు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చింది.

పాట అయిపోయింది. దూరంగా బండి దగ్గర నిలబడ్డ గిద్యోను వినబడనట్టే తాళం తిప్పుతున్నాడు. ఎజ్రా కాలు ఆగడం లేదు. అప్పగించిన అబద్ధాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక అవ్వ చెవి దగ్గర వంగాడు.

"అవ్వా, రాగం జర వేరే వచ్చింది. బాపు మర్చిపోయి..."

"మర్చిపోలే వాడు." ధనమ్మ గొంతు తగ్గించింది. "మీ తాత ఆ రాగం తెచ్చింది చేవెళ్ల డేరాల నుంచి. పక్కన కొంగు కప్పుకొని కూసున్నది నేనే గద రా. ఆయన మొకం చిన్నబోతదని ఎన్నడు నోరు తెరువలే."

ఎజ్రా కాలు ఆగిపోయింది.

ధనమ్మ కొడుకు వైపే చూస్తోంది. సంఘం ముందు తల దించుకుని నిలబడిన పిల్లగాడు ఆ రోజు ఏం మింగాడో, ఎవరి కోసం మింగాడో ఆమెకు ఇప్పుడే అర్థమవుతున్నట్టుంది. 

"ఇన్నేండ్లకు మీ తాత మాటలకు సొంత రాగం దొరికింది బిడ్డా" అన్నది. తర్వాత అందరికీ వినబడేలా కేకేసింది. "గిద్యోనూ! ఆడ నిలబడ్డవేంది రా, ఇట్ల రా. మల్ల పెట్టిపిస్తున్న, వచ్చి నా పక్కన కూసోని పాడు."